టెక్ సందేహాలు: ఓపినెల్ నంబర్ 8 మడత చాకు కొనవచ్చా?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఓపినెల్ నంబర్ 8 అనే ఫ్రెంచి మడత చాకు చూశాను. చెక్క పిడితో సాదాగా, బాగుంది. పండ్లు కోసుకోవడానికి, పార్శిళ్లు విప్పడానికి, పెరట్లో చిన్నాచితకా పనులకు వాడదామని ఉంది. కార్బన్ స్టీలు, స్టెయిన్‌లెస్ అని రెండు రకాలున్నాయి. వానాకాలంలో చెక్క ఉబ్బి చాకు తెరుచుకోదని కొందరు రివ్యూల్లో రాశారు. మాది కాకినాడ. కొనమంటారా? (కాకినాడ నుంచి ఓ పాఠకుడు)

జవాబు: పండ్లు, కూరగాయలు, పార్శిళ్ల కోసమైతే కొనండి. కాకినాడలో ఉంటున్నారు కాబట్టి స్టెయిన్‌లెస్సే తీసుకోండి. పెరటి పనుల దగ్గరే కాస్త ఆగాలి. పూలు, తీగలు, పురికొస వరకూ పర్వాలేదు. ఎండుకొమ్మలు నరకడానికి, డబ్బా మూతలు పెళ్లగించడానికి ఇది పనికిరాదు.

కారణం దాని పలుచదనమే. నంబర్ 8 బ్లేడు పొడవు 8.5 సెంటీమీటర్లు. వెన్ను దగ్గరే రెండు మిల్లీమీటర్ల లోపు ఉండి, అక్కడి నుంచి పదును దాకా సన్నబడుతూ వస్తుంది. మార్కెట్లో దిట్టంగా కనిపించే మడత కత్తులు చాలావరకు మూడు మిల్లీమీటర్ల మందం. వాటితో యాపిల్ కోస్తే సగం దాకా తెగి, ఆపైన ఫట్‌మని పగులుతుంది. ఓపినెల్‌తో ముక్క నున్నగా తెగుతుంది. ఉల్లిపాయ, టమాటా కూడా అంతే. కానీ ఆ పలుచటి మొనను దేంట్లోనైనా గుచ్చి పక్కకి మెలితిప్పారంటే విరుగుతుంది. ఆవకాయకి టెంకతో సహా కాయ కొట్టే ఆలోచన ఉంటే ఆ పని కత్తిపీటకే వదిలేయండి.

ఇక కట్టుబడి. దీంట్లో ఉన్నవి మొత్తం ఐదు భాగాలు: బ్లేడు, బీచ్ అనే ఐరోపా చెట్టు చెక్కతో చేసిన పిడి, ఇరుసు రివెట్టు, కదలని రింగు, దాని మీద తిరిగే రింగు. స్ప్రింగు లేదు, స్క్రూలు లేవు. ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఓపినెల్ 1890లో ఈ చాకు రూపొందించాడు. తిరిగే రింగు 1955లో వచ్చింది. మొదట్లో అది తెరిచిన బ్లేడు చేతిమీదకి మూసుకోకుండా మాత్రమే ఆపేది. 2000 నుంచి మూసిన బ్లేడు జేబులో తెరుచుకోకుండా కూడా బిగించవచ్చు. తెరవాలంటే రెండు చేతులూ కావాలి. రింగు తిప్పి, బ్లేడు మీది గాడిలో గోరు పెట్టి లాగాలి. ఒంటిచేత్తో టక్కున తెరుచుకోవాలనుకునేవారికి ఇది నచ్చదు.

కార్బన్ వద్దనడానికి కారణం కూడా ఆ స్క్రూలు లేకపోవడమే. కార్బన్ రకంలో కార్బన్ సుమారు 0.9 శాతం. పదును సులువుగా ఎక్కుతుంది, ఆ మాట నిజమే. కానీ తుప్పును ఆపే క్రోమియం దాంట్లో లేనట్టే. పచ్చి మామిడికాయ కోస్తే నిమిషాల్లో బ్లేడు నీలం, బూడిద రంగుల్లోకి మారుతుంది, మొదట్లో ముక్కకి ఇనుము వాసన కూడా అంటుతుంది. ఆ రంగు పొరతో నష్టం లేదు. పైగా అది కొంతవరకు రక్షణే. భయపడాల్సింది ఎర్ర తుప్పుకి. బ్లేడు మీదైతే తుడుస్తాం, నూనె రాస్తాం. ఇరుసు లోపలికి దిగిన తడిని తుడిచే దారే లేదు, విప్పడానికి రివెట్టు ఊడదు. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్లో తుప్పు మొదలయ్యేది సరిగ్గా అక్కడే. ఆదిలాబాద్‌లో ఉంటూ, వాడిన ప్రతిసారీ తుడిచి పెట్టుకునే ఓపిక ఉన్నవారైతే కార్బనే కొనుక్కోమంటాను. స్టెయిన్‌లెస్ రకం స్వీడన్ మూలమైన 12సి27 స్టీలు కుటుంబానిది. పదును కాస్త ముందుగా తగ్గినా, ఇంట్లో సానరాయి మీద పది నిమిషాల్లో మళ్లీ ఎక్కుతుంది.

చెక్క ఉబ్బడం గురించి రివ్యూల్లో రాసింది అబద్ధం కాదు. బీచ్ చెక్క తేమ పీల్చుకుంటుంది. బ్లేడు మొదలు కూర్చునే సందు ఇరుకై, రెండువైపులా పట్టేస్తుంది. అప్పుడు గోరు విరగ్గొట్టుకోకండి. రింగును తెరిచే స్థానానికి తిప్పి, పిడి చివరను బల్ల అంచుకేసి గట్టిగా తట్టండి. బ్లేడు మొన కాస్త పైకి లేస్తుంది, వెన్ను పట్టుకుని లాగడమే. సవోయ్ వాళ్లు తరతరాలుగా తెరిచేది ఇలాగే.

శాశ్వతంగా తగ్గించాలంటే కొన్న వారంలోనే ఈ పని చేయండి. చాకును రెండు రోజులు నీడలో, ఫ్యాను గాలికి ఆరనివ్వండి. ఎండలో పెడితే చెక్క పగలవచ్చు. తర్వాత బ్లేడు సగం తెరిచి, ఇరుసు దగ్గరి సందులో పెట్రోలియం జెల్లీ పెట్టి, హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా వేడి చేయండి. కరిగి చెక్కలోకి ఇంకుతుంది. బ్లేడును పదిసార్లు తెరిచి మూసి, పైకి వచ్చిన జెల్లీ తుడిచేయండి. ఇలా రెండు మూడు సార్లు. అప్పటికీ బిగువుగానే ఉంటే 220 నంబరు గరుకు కాగితాన్ని మడిచి సందు లోపలి గోడలను కొద్దికొద్దిగా రుద్దండి. ఎక్కువ రుద్దితే ఎండాకాలంలో బ్లేడు అటూ ఇటూ ఊగుతుంది, పోయిన చెక్క తిరిగి రాదు. కొబ్బరినూనె వాడవచ్చా అని చాలామంది అడుగుతారు. వాడవచ్చు గానీ కొన్నాళ్లకి మురిగిన వాసన వస్తుంది. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ మేలు. నీళ్లలో నానబెట్టడం, డిష్‌వాషర్‌లో వేయడం మాత్రం వద్దే వద్దు.

పదును పెట్టేటప్పుడు బ్లేడును రాతికి 20 డిగ్రీల కోణంలో పట్టండి. బ్లేడు వెడల్పు 18 మిల్లీమీటర్లుంటే వెన్ను రాతి నుంచి సుమారు 6 మిల్లీమీటర్లు లేవాలి, అంటే పెన్సిల్ మందానికి కాస్త తక్కువ. 1000 నంబరు రాయి చాలు.

పార్శిల్ రాగానే చూడాల్సినవి: బ్లేడు మీద కిరీటం పెట్టిన చెయ్యి ముద్ర, స్టెయిన్‌లెస్ అయితే ‘ఇనాక్స్’ అన్న అక్షరాలు. బ్లేడు తెరిచి రింగు బిగించి, వెన్ను మీద బొటనవేలితో నెమ్మదిగా నొక్కండి. కదలకూడదు. మూసి ఉన్నప్పుడు బ్లేడు పిడి చెక్కకి ఒకవైపే రాసుకుంటుంటే మార్పించుకోండి. ధర విషయానికొస్తే, ఇది దాని సొంత దేశంలో రైతులూ, పిక్నిక్‌లకి వెళ్లేవాళ్లూ కొనే చవక సరుకు. దిగుమతి ఖర్చుల పేరుతో మూడింతలు అడిగే అమ్మకందారు దగ్గర కొనొద్దు.

ప్రశ్న: మా అబ్బాయి ఎంఎస్ చదవడానికి లీసెస్టర్ వెళ్తున్నాడు. వంటకి, ప్రయాణాలకి ఇదే చాకు ఇచ్చి పంపవచ్చా? (గుంటూరు నుంచి ఓ తండ్రి)

జవాబు: వద్దండీ. బ్రిటన్ చట్టం ప్రకారం కారణం చూపకుండా బయట వెంట ఉంచుకోదగ్గది మడిచే చాకు మాత్రమే. దాని పదును అంచు 3 అంగుళాలు, అంటే 7.62 సెంటీమీటర్లు దాటకూడదు, తెరిచాక లాక్ పడకూడదు. నంబర్ 8 రెండు లెక్కల్లోనూ తప్పుతుంది. గదిలో వంటకి వాడుకుంటే ఇబ్బంది లేదు గానీ, మర్చిపోయి బ్యాగులో వేసుకుని బస్సెక్కితే చిక్కే. లాక్ లేని విక్టోరినాక్స్ స్పార్టన్ లాంటిది ఇవ్వండి. డబ్బా మూతలు తీసే పరికరం, స్క్రూడ్రైవర్ కూడా దాంట్లోనే ఉంటాయి. ఏ చాకైనా విమానంలో చెక్‌ఇన్ సామానులోనే పెట్టాలి. చేతిసంచీలో ఉంటే ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు.

ప్రశ్న: ‘డి2 స్టీలు, 60 హార్డ్‌నెస్’ అని రాసి, బ్రాండ్ పేరు లేకుండా అమ్ముతున్న మడత కత్తి ఓపినెల్ కన్నా మంచిదా? జేబులో ఉంటే పోలీసులతో సమస్యా? (హైదరాబాద్ నుంచి ఓ పాఠకుడు)

జవాబు: డి2 అనేది పనిముట్ల తయారీకి వాడే ఓ గట్టి స్టీలు. నిజమైనదే అయితే పదును ఎక్కువ కాలం నిలుస్తుంది. అందులో కార్బన్ 1.5 శాతం, క్రోమియం 12 శాతం దరిదాపు. ఆ క్రోమియంలో కొంతభాగం కార్బన్‌తో కలిసి గట్టి రేణువులుగా ఉండిపోతుంది కాబట్టి పూర్తి స్టెయిన్‌లెస్ కాదు, నిమ్మరసం మరకలు పడతాయి. మామూలు సానరాయి మీద పదును ఎక్కడం కూడా కష్టం, డైమండ్ ప్లేటు కావాలి. పేరులేని కత్తి మీద చెక్కిన ‘డి2’ అక్షరాలకి, 60 అనే గట్టిదనం అంకెకి మాత్రం ఎవరూ పూచీ ఉండరు, ఇంట్లో తేల్చే పద్ధతీ లేదు. అందుకే స్టీలు కన్నా ముందు లాక్ చూడండి. బ్లేడు తెరిచినప్పుడు లాక్‌గా పనిచేసే పిడిలోని రేకు బ్లేడు మొదలు వెడల్పులో పావు వంతు నుంచి సగం లోపు తగిలి ఆగాలి. అంచుకి తగిలీ తగలనట్టు ఉంటే జారి వేళ్ల మీద మూసుకుంటుంది, అవతలి వైపుకి వెళ్లిపోతే త్వరలోనే అరిగి వదులవుతుంది.

పోలీసుల సంగతి: ఆయుధాల నిబంధనల్లో చెప్పిన కొలత 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు దాటిన బ్లేడు. ఇంటి, వ్యవసాయ పనిముట్లకు అందులోనే మినహాయింపు ఉంది. మీరు చూసిన మడత కత్తి ఆ కొలతకి చాలా కిందే ఉంటుంది. అయినా మెట్రో స్టేషన్లో, సభల్లో, ఎన్నికల సమయంలో తనిఖీ సిబ్బంది ఆపితే కొలతల వాదన నడవదు. బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునే రకం జోలికే పోవద్దు.