శవపేటికకు గంట దేనికి?

ప్రశ్న: పాతకాలంలో యూరప్‌లో శవపేటికలకు గంటలు కట్టేవారట. బతికుండగానే పూడ్చేస్తారని అంత భయమా? ఆ గంట ఎవర్నైనా కాపాడిందా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: మామూలు భయం కాదమ్మా. జార్జ్ వాషింగ్టన్ 1799 డిసెంబరులో ప్రాణం పోయేముందు కార్యదర్శిని పిలిచి, మూడు రోజులు గడవందే తనను సమాధిలో పెట్టొద్దని చెప్పాడు. ఆల్ఫ్రెడ్ నోబెల్ అయితే 1895 వీలునామాలో, ముందు నరాలు కోసి, చనిపోయానని డాక్టర్లు రూఢి చేశాకే దహనం చెయ్యమన్నాడు. కాల్చేస్తారన్నా ఆ అనుమానం పోలేదు చూడండి!

గంటల్లో తెలివైనది రష్యా జార్ కొలువులోని కార్నిస్-కార్నికీ అనే దొర 1897లో చేసింది. శవం గుండెల మీద ఒక గాజు బంతి, దానికి స్ప్రింగు, అక్కణ్ణుంచి నేల పైకి ఒక గొట్టం. ఛాతీ కాస్త కదిలితే చాలు, పైనున్న డబ్బా మూత తెరుచుకుని గాలి లోపలికి వెళ్తుంది, జెండా లేస్తుంది, గంట మోగుతుంది. ఫోరెన్సిక్ మెడిసిన్ పాఠం చెప్పే రోజుల్లో నేనీ బొమ్మ బోర్డు మీద గీసి, తప్పెక్కడుందో చెప్పమనేవాణ్ణి. ముందు బెంచీలవాళ్లు స్ప్రింగు తుప్పు పడుతుందనేవారు. జవాబు వెనక బెంచీ నుంచే వచ్చేది: ‘శవం ఉబ్బుతుంది కదా సార్!’

అదే సంగతి. కుళ్లేటప్పుడు పుట్టే వాయువులకు పొట్ట, ఛాతీ పైకి లేస్తాయి. గంటకేం తెలుసు, మోగుతుంది. మ్యూనిక్‌లో శవాలను పూడ్చకుండా కొన్నాళ్లు ఒక హాల్లో పూల మధ్య పడుకోబెట్టి, వేలికి ఉంగరం తొడిగి, దాని తీగను కాపలావాడి గదిలో గంటకు కట్టేవారు. రాత్రిపూట ఆ ఉద్యోగం నాకైతే వద్దు. ఆ గంట వల్ల బతికి బయటపడ్డవాళ్ల గురించి నమ్మదగ్గ దాఖలా ఒక్కటీ నేను చూడలేదు.

భయాన్ని తగ్గించింది స్టెతస్కోపు. 1816లో లెనెక్ దాన్ని కనిపెట్టాడు. గుండె చప్పుడు వినపడకపోవడమే చావుకు గుర్తని వాదించి బూషూ అనే ఫ్రెంచి డాక్టరు 1840ల్లో బహుమతి కొట్టాడు.

ఇప్పుడు మేం గుండె, ఊపిరి విని, కంటిపాప మీద టార్చి వేసి, ఈసీజీ గీత కూడా చూస్తాం. అయినా చన్నీళ్లలో మునిగి ఒళ్లు చల్లబడ్డవాళ్ల దగ్గర, నిద్రమాత్రలు ఎక్కువగా మింగినవాళ్ల దగ్గర తొందరపడం. చల్లబడ్డ ఒంటిని వేడెక్కించి, మళ్లీ చూశాకే కాగితం మీద సంతకం పెట్టేది.