ఫ్యాన్ తిరగకపోతే రేడియేటర్ మార్చారు: కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, మధురవాడ. ఎనిమిదేళ్ల నాటి చిన్న పెట్రోల్ కారు ఉంది, సొంతానికే వాడుకుంటాను. మార్చి నుంచి ఏసీ వేసుకుని హనుమంతవాక సిగ్నల్ దగ్గర ఆగితే టెంపరేచర్ సూది పైకి పోయేది. హైవే ఎక్కి ఆనందపురం వైపు వెళ్తే మళ్లీ దిగేది. దగ్గర్లోని షెడ్డులో చూపిస్తే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు) మార్చి రూ. 3,400 తీసుకున్నారు. తగ్గలేదు. మూడు వారాలకు రేడియేటర్ మార్చి రూ. 9,800 తీసుకున్నారు. అయినా అంతే. ‘కొత్తది కదా, సెట్ అవుతుంది, వాడండి’ అన్నారు. మే నెలలో అరకు వెళ్తుంటే ఘాట్ రోడ్డులో ఆవిరి చిమ్మి బండి ఆగిపోయింది. టోయింగ్ చేయించి అదే షెడ్డులో పెట్టాను. నన్ను అడక్కుండా ఇంజన్ హెడ్ విప్పేసి, హెడ్ గాస్కెట్ (హెడ్‌కీ ఇంజన్ బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) పోయింది, రూ. 26,000 అవుతుంది అంటున్నారు. వద్దంటే విప్పిన కూలి రూ. 6,000 కట్టి బండి తీసుకెళ్లమంటున్నారు. తెలిసిన మెకానిక్ వచ్చి చూసి, రేడియేటర్ ఫ్యాన్ కనెక్టర్ చిలుము పట్టి కాలిపోయిందని, అసలు ఫ్యానే తిరగడం లేదని చెప్పాడు. బిల్లులు ఇవ్వలేదు, డబ్బు యూపీఐలో పంపాను. పాత థర్మోస్టాట్ మాత్రం కవర్లో పెట్టి ఇచ్చారు. కేసు వేయొచ్చా? ముందు నా బండి ఎలా బయటికి వస్తుంది?

జవాబు: వేయొచ్చు. కానీ ‘డబ్బులు తీసుకున్నారు, బండి బాగుపడలేదు’ అని మాత్రమే వేస్తే నిలబడదు. రిపేరు తప్పకుండా కుదురుతుందని మెకానిక్ హామీ ఇవ్వనక్కర్లేదు. ఆ పని తెలిసినవాడు మామూలుగా చూపే శ్రద్ధ చూపాడా లేదా అన్నదే చట్టం చూస్తుంది. అందుకని మీ ఫిర్యాదు ‘చూడాల్సింది చూడకుండా సామాను మార్చారు’ అని ఉండాలి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 2(11) చెప్పే సేవాలోపం కిందికి అది వస్తుంది.

మీ బలమంతా మీరు యథాలాపంగా రాసిన ఒక్క మాటలో ఉంది. ఆగితే వేడెక్కుతోంది, పరిగెడితే చల్లబడుతోంది. బండి వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది. సిగ్నల్ దగ్గర ఆ గాలి ఉండదు, ఫ్యానే దిక్కు. పైగా ఏసీ వేస్తే రేడియేటర్ ముందున్న కండెన్సర్ వేడి కూడా తోడవుతుంది. థర్మోస్టాట్ మూసుకుపోయి ఉంటే హైవే మీద కూడా సూది లేస్తుంది. రేడియేటర్ లోపల పూడుకుపోయి ఉంటే వేగంలో, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకా ఎక్కువ తెలుస్తుంది. ఆగినప్పుడే వేడెక్కుతుందంటే మొదటి అనుమానం ఫ్యాన్ మీదికే పోవాలి. బానెట్ లేపి, ఏసీ వేసి, ఫ్యాన్ తిరుగుతుందో లేదో చూడటానికి రెండు నిమిషాలు చాలు. తిరగకపోతే బ్యాటరీ నుంచి నేరుగా కరెంటిచ్చి చూస్తారు. అప్పుడు తిరిగిందంటే మోటారు బాగున్నట్టు, లోపం ఫ్యూజు, రిలే, సెన్సార్, కనెక్టర్‌లలో ఎక్కడో ఉన్నట్టు. సముద్రపు గాలి తగిలే ఊరిలో రాగి పిన్నులకు చిలుము పట్టడం మెకానిక్‌లకు కొత్త విషయమా? ఘాట్‌లో జరిగిందీ ఇదే కావచ్చు. సెకండ్ గేరులో ఇంజన్ మీద లోడు ఎక్కువ, బండి వేగం తక్కువ, ఎదురుగాలి అంతంతమాత్రం.

నేను మెకానిక్‌ని కాను. ఇదంతా వినియోగదారుల కమిషన్ ముందు నేను చెబితే చెల్లదు, మీరు చెప్పినా చెల్లదు. లోపం ఉందని నిరూపించే భారం ఫిర్యాదుదారుడిదే. మీకు తెలిసిన మెకానిక్ నోటితో చెప్పిన మాట చాలదు. ఆటోమొబైల్ ఇంజనీరో, లైసెన్సున్న ఇన్సూరెన్స్ సర్వేయరో బండి చూసి, ఫొటోలతో రాతపూర్వకంగా ఇచ్చిన రిపోర్టు కావాలి. అది కూడా హెడ్‌కి ఫేసింగ్ కొట్టకముందే, అంటే దాని అడుగు భాగాన్ని మెషీన్ మీద చెక్కి చదును చేయకముందే. ఒకసారి ఫేసింగ్ అయిందంటే వేడికి హెడ్ ఎంత వంగిందో తెలిపే ఆనవాలు ఆ మెషీన్ కిందే పోతుంది. కనెక్టర్ కూడా మారిపోతే ఇక మీ చేతిలో ఏమీ మిగలదు.

ఇప్పుడు కాస్త చేదు మాట. సూది ఎర్ర గీత దాటాక మీరు ఎన్ని కిలోమీటర్లు నడిపారో రాయలేదు. అవతలి లాయరు మొదట అడిగేది అదే. రెండుసార్లు పని చేయించినా సూది దిగని బండితో ఘాట్ ఎక్కారు. నిజం చెప్పాలంటే అది తెలివైన పని కాదు. గాస్కెట్ నష్టంలో కొంత మీ వాటాయే అని కమిషన్ అనొచ్చు, పరిహారం తగ్గించొచ్చు. ‘వాడండి’ అన్న మాట వాట్సాప్ మెసేజ్‌లోనో, వాయిస్‌లోనో ఉందా? ఉంటే ఆ ఫోన్ మార్చకండి, చాట్ తుడిచేయకండి. ఇంకో సంగతి. మార్చి కంటే ముందే కూలెంట్ మాటిమాటికీ తగ్గిపోవడం, ఆయిల్ మూత కింద పాలమీగడలా తెల్లగా కనబడటం ఉండేదా? ఉంటే మీ లాయరు దగ్గర దాచకండి. గాస్కెట్ అంతకుముందే పోయిందని వాళ్లు వాదించేది దాని మీదే.

బండి విషయానికి వద్దాం. మీరు చెప్పిన పని చేసినవాడికి కూలి అందేదాకా వస్తువు అట్టిపెట్టుకునే హక్కు భారత కాంట్రాక్టు చట్టం, 1872 సెక్షన్ 170 ఇస్తుంది. బండిని దౌర్జన్యంగా తెచ్చుకోవడం, పోలీసు స్టేషన్‌కి పోయి దొంగతనం అనడం రెండూ పనికిరావు. అయితే ఆ హక్కు మీరు అప్పగించిన పనికే. హెడ్ విప్పమని మీరు చెప్పలేదు కాబట్టి ఆ రూ. 6,000 మీద వాదించే చోటు ఉంది. కానీ ఆ వాదన తేలేదాకా విప్పిన ఇంజన్ షెడ్డులో దుమ్ము కొట్టుకుంటూ ఉంటుంది. నా సలహా అయితే, ‘అభ్యంతరంతో కడుతున్నాను, నా హక్కులు వదులుకోవడం లేదు’ అని ముందు రాతలో పంపి, డబ్బు యూపీఐలోనే కట్టి, హెడ్డు, గాస్కెట్, కనెక్టర్, బోల్టులతో సహా అన్నీ లెక్కపెట్టి తెచ్చుకోండి. తెచ్చేముందు అక్కడే వీడియో తీయండి. పాత రేడియేటర్ కూడా అడగండి. తుక్కుకి వేసేశామంటే ఆ మాట రాసిమ్మనండి. కేసు వేశాక అయితే, వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38(8) కింద మధ్యంతర ఉత్తర్వు కోరే వీలుంది.

బిల్లు ఇవ్వకపోవడం మీకు మేలే చేసింది. సేవకు బిల్లు గానీ రసీదు గానీ ఇవ్వకపోవడాన్ని 2019 చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. యూపీఐ చెల్లింపు వివరాలు, తేదీలు బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో ఉంటాయి.

ముందు నోటీసు పంపండి, 15 రోజులు గడువివ్వండి. స్పీడ్ పోస్టులో పంపితే చాలు. జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. మీరు నివసించే చోటే వేసుకోవచ్చు కాబట్టి విశాఖలోనే అవుతుంది. చెల్లించిన మొత్తం రూ. 5 లక్షల లోపు కనుక కోర్టు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. లాయరు లేకుండా మీరే హాజరు కావచ్చు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ఉంది. ముందు 1915కి ఫోన్ చేసి హెల్ప్‌లైన్‌లో చెప్పినా నష్టం లేదు, కొన్ని అక్కడే సర్దుబాటవుతాయి. ఇన్సూరెన్స్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. మామూలు పాలసీలు ఇలాంటి మెకానికల్ బ్రేక్‌డౌన్‌కి వర్తించవు.

ఏం అడగాలి? రూ. 3,400, రూ. 9,800 తిరిగి ఇవ్వమని, అడక్కుండా విప్పినందుకు కట్టిన రూ. 6,000, టోయింగ్ ఖర్చు, గాస్కెట్ నష్టంలో వాళ్ల వాటా, మానసిక వేదనకు కొంత, కేసు ఖర్చులు. వేదనకు లక్షలు రాయకండి. పదమూడు వేల రిపేరుకి ఐదు లక్షల వేదన అంటే చదివేవాళ్లకే నవ్వొస్తుంది. మధ్యవర్తిత్వానికి పంపుతామంటే ఒప్పుకోండి. పేరు పోతుందన్న భయంతో ఇలాంటి షెడ్లు చాలావరకు అక్కడే దిగివస్తాయి.

చివరగా, ఆ కవర్లోని పాత థర్మోస్టాట్ పారేయకండి. రిపోర్టు రాసే ఇంజనీరు చేతికే ఇవ్వండి. దాన్ని నీళ్ల గిన్నెలో దారంతో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి కాస్తారు. దాని మీద ముద్రించిన డిగ్రీల దగ్గర, సాధారణంగా 82 లేదా 88, దాని వాల్వు తెరుచుకోవడం మొదలైతే అది బాగున్నట్టే. అంటే మీ దగ్గర రూ. 3,400 తీసుకుని మార్చింది పాడవని వస్తువుని. అది మొదలు నుంచి చివరిదాకా వీడియో తీయించి, గిన్నెలో థర్మామీటర్ అంకె కనబడేలా ఫొటో ఒకటి రిపోర్టుకి జతచేయమనండి.