మైకు వదిలి సెట్ మీదకి వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. సిట్‌కామ్‌లో, అంటే హాస్య సీరియల్‌లో, పెద్ద వేషం వచ్చిందనీ, స్టాండప్ చేసేవాళ్లు నటనకి పనికిరారని ఎవరో అంటే నువ్వు టెన్షన్ పడుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఇది ఫోన్లో తేలే విషయం కాదు, అందుకే రాస్తున్నాను. విశాఖలో ఇన్నేళ్లుగా నాటకాలు వేయిస్తున్నవాడిగా నా మాట వేషం ఒప్పుకోమనే. కాకపోతే స్టేజీ మీద నీకున్న బలమే సెట్‌లో అడ్డం పడే చోటు ఒకటుంది. అదేమిటో తెలుసుకుని మరీ వెళ్లు.

సిరిపురంలో నీ షో చూశాను. గంటసేపు ఒక్కడివే నిలబడి హాలంతటినీ నీ వైపు తిప్పుకున్నావు. మంచి నటుల్లో కూడా చాలామందికి అది చేతకాదు. ఏ మాట దగ్గర ఆగాలో, ఎంతసేపు ఆగాలో నీకు ఒంట్లో ఉంది. నీ మాటలు నువ్వే రాసుకుంటావు కాబట్టి వాక్యంలో నవ్వు ఎక్కడ దాగుందో కూడా తెలుసు. ఇవి నేర్పితే వచ్చేవి కావు. కానీ ఇదంతా నీకూ జనానికీ మధ్య జరిగేది. సిట్‌కామ్‌లో నవ్వు నీకూ ఎదుటి పాత్రకీ మధ్య పుడుతుంది, జనం పక్కనుంచి చూస్తారు.

మన ఉత్తరాంధ్రలో ఈ రెండు విద్యలూ పక్కపక్కనే పెరిగాయి. విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసుగారు హరికథ చెబితే అన్ని పాత్రలూ ఆయనే. అదే ఊళ్లో 1892లో 'కన్యాశుల్కం' మొదటిసారి ఆడారు. అందులో గిరీశం కోతలు మనకి నవ్వు తెప్పించేది ఎందుకు? వెంకటేశం వాటిని నోరు తెరుచుకుని నమ్ముతాడు కాబట్టి. వెంకటేశం వేసే కుర్రాడు తన డైలాగు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ నిలబడితే, గిరీశం ఎంత బాగా చెప్పినా హాలు చల్లగా ఉంటుంది. రిహార్సళ్లలో నేను ఎక్కువ కష్టపడింది వెంకటేశం వేసే పిల్లలతోనే. నువ్విప్పటిదాకా హరిదాసువి. ఇక రోజూ కొన్ని సీన్లలో వెంకటేశం కావాలి.

స్టాండప్ నుంచి వచ్చినవాళ్లు నెగ్గారా అంటే బోలెడుమంది నెగ్గారు. నాకు బాగా నచ్చేది అమెరికాలో బాబ్ న్యూహార్ట్ కథ. 1960లలో ఆయన స్టేజీ మీద టెలిఫోన్ పట్టుకుని ఒకవైపు మాటలే వినిపించేవాడు. అవతలివాడు ఏమన్నాడో మనకి వినపడదు, ఈయన ఆగే తీరునీ, తడబాటునీ బట్టి మనమే ఊహించుకుని నవ్వాలి. అంటే ఒక్కడే నిలబడి కూడా ఆయన చేసింది వినడం. 1972లో ఆయన పేరుతోనే సిట్‌కామ్ మొదలైతే అందులో ఆయన పాత్ర సైకాలజిస్టు. ఎదురుగా కూర్చున్నవాళ్ల బాధలు వినడమే ఉద్యోగం! ఆయన స్టేజీ మీద సంపాదించుకున్న విద్యకి అంతకంటే సరిపోయే వేషం ఉండదు. ఆ షో 1978 దాకా నడిచింది. వీలైతే కొన్ని ఎపిసోడ్లు సౌండు తీసేసి చూడు. ఎదుటివాళ్లు మాట్లాడుతున్నప్పుడు ఆయన ముఖం ఏం చేస్తోందో గమనించు.

జెర్రీ సైన్‌ఫెల్డ్ సంగతి వేరు. తన పేరుతో వచ్చిన షోలో ఆయన దాదాపు తనలాగే ఉంటాడు. మొదట్లో అయితే ఎదుటివాళ్లు డైలాగు చెబుతుంటే ఆయన పెదవుల మీద నవ్వు కనపడిపోతుంది. అయినా ఆ షో 1989 నుంచి 1998 దాకా నడిచిందంటే రాత గొప్పది, చుట్టూ ఉన్నవాళ్లు గట్టివాళ్లు. జేసన్ అలెగ్జాండర్ బ్రాడ్వే నాటకాల నుంచి వచ్చినవాడు. ఆ షోలో నటనకి, అమెరికాలో టీవీ వాళ్లకిచ్చే ఎమ్మీ అవార్డులు జూలియా లూయీ డ్రైఫస్‌కీ, మైకేల్ రిచర్డ్స్‌కీ వచ్చాయి గానీ జెర్రీకి రాలేదు. రిచర్డ్స్ కూడా స్టాండప్ చేసినవాడే, కాబట్టి ఆ విద్యని తప్పు పట్టడానికి లేదు. రే రొమానో అయితే ఒక సిట్‌కామ్‌లో వేషం వచ్చి, రిహార్సల్ దశలోనే పోగొట్టుకున్నాడు. తర్వాత తన స్టాండప్‌లో చెప్పుకునే ఇల్లూ పిల్లల గొడవలనే ఆధారం చేసుకుని 1996లో ఇంకో షో కట్టారు. అది తొమ్మిది సీజన్లు ఆడింది, 2002లో ఉత్తమ నటుడిగా ఎమ్మీ కూడా తెచ్చింది.

మనవాళ్లలో బ్రహ్మానందంగారిని చూడు. అత్తిలిలో తెలుగు లెక్చరరు, మిమిక్రీ చేసేవారు. మిమిక్రీ కూడా ఒంటరి విద్యే. ఇవాళ అందరి ఫోన్లలో తిరిగే ఆయన మీమ్స్ గమనించు. చాలావాటిలో ఆయన మాట్లాడరు, ఎదుటివాడి మాట విన్నాక ముఖం మారుతుంది, అంతే. 'అమృతం' సీరియల్‌లో గుండు హనుమంతరావుగారి అంజి కూడా అంతే. ఆయన నాటకాల నుంచి వచ్చిన మనిషి.

ఇక సెట్ సంగతి. మన దగ్గర ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టి సిట్‌కామ్ తీయడం అలవాటు లేదు. నువ్వు ఎంత మంచి పంచ్ వేసినా ఎవరూ నవ్వరు, నవ్వితే సౌండ్ పాడవుతుంది. నవ్వు వినపడకపోతే స్టాండప్ వాళ్లు చేసే పని నాకు తెలుసు: గొంతు పెంచుతారు, కళ్లు పెద్దవి చేస్తారు, లేని మాట ఒకటి కలుపుతారు. క్లోజప్‌లో అది భరించలేనట్టు ఉంటుంది. జనానికి చెప్పడం మానేసి, పక్కనున్న ఒక్క మనిషికి చెప్పు. నవ్వు కోసం చూడకు, ఆ మనిషి కళ్లు చూడు.

మాస్టర్ షాట్‌లో, అంటే సీన్ మొత్తాన్ని దూరం నుంచి తీసే షాట్‌లో, కాఫీ కప్పు ఏ చేత్తో ఎత్తావో క్లోజప్‌లోనూ అదే చేత్తో ఎత్తాలి. మాట మార్చాలనిపిస్తే రిహార్సల్‌లోనే డైరెక్టరుకి చెప్పు. టేక్‌లో కొత్త మాట వేస్తే నీకు మెరుపులా ఉండొచ్చు, కానీ దానికి జవాబివ్వాల్సిన ఆర్టిస్టు తడబడతాడు. ప్రాంప్టింగ్‌కి మాత్రం అలవాటు పడకు. టీవీలో అసిస్టెంట్ డైరెక్టరు పక్కనుంచి లైను అందిస్తుంటే చెప్పుకుపోవడం మామూలే. కానీ నీ చెవి వాళ్ల దగ్గర ఉంటే ఎదుటి పాత్ర దగ్గర ఉండదు, నీ టైమింగ్ పోతుంది. ఎదుటివాళ్ల లైన్లతో సహా కంఠతా పట్టి వెళ్లు.

షూటింగ్ మొదలయ్యేలోపు ఒక నాటకంలో చిన్న వేషం వెయ్యి. ఆంధ్రా యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ చదివిన పిల్లలు ఊళ్లో ఉన్నారు, నేను పరిచయం చేస్తాను. మాటలు తక్కువగా ఉండి, స్టేజీ మీద ఎక్కువసేపు ఉండే వేషమే అడుగు. పంచ్ నీది కానప్పుడు ఎలా నిలబడాలో అక్కడ తెలుస్తుంది. అలాగని ఓపెన్ మైక్‌లు మానకు.

సంతకం పెట్టే ముందు మొదటి కొన్ని ఎపిసోడ్ల స్క్రిప్టు అడిగి తీసుకో. నీ పక్కన వేసేది ఎవరో కనుక్కో. నాటకానుభవం ఉన్నవాళ్లు ఇద్దరైనా ఉంటే పారితోషికం కాస్త తగ్గినా ఒప్పుకో. అందరూ నీలాగే పంచ్‌లు వేసేవాళ్లయితే మాత్రం ఇంకోసారి ఆలోచించు. స్క్రిప్టు చేతికి రాగానే ఇంటికి రా. నీ పాత్ర నేను చదువుతాను, మిగతావాళ్లవి నువ్వు చదువు.

మీ మావయ్య