డబ్బా టీవీలో ఆట, కళ్లకు చేటా?

ప్రశ్న: మా పదేళ్ల అబ్బాయి పాత డబ్బా టీవీకి వీడియో గేమ్ తగిలించి గంటలకొద్దీ ఆడుతున్నాడు. చూపు పోతుందేమోనని భయం. – ఒక తల్లి, పాలకొల్లు

జవాబు: చూపు పోదమ్మా. డబ్బా టీవీ లోపల కొద్దిగా పుట్టే ఎక్స్-కిరణాలను దాని పిక్చర్ ట్యూబు (బొమ్మ పడే గాజు గొట్టం) మందపాటి గాజే ఆపేస్తుంది. అసలు ఇబ్బంది రెప్పలతో. మామూలుగా నిమిషానికి 15 సార్లు పడే రెప్ప, ఆటలో మునిగితే సగానికి పడిపోతుంది. కంటి మీది నీటిపొర ఆరిపోయి మంట, ఎరుపు వస్తాయి. తెర మినుకుమినుకుకి కొందరికి తలనొప్పి కూడా. కాసేపు ఆపితే తగ్గిపోతాయి. ఆరడుగుల దూరంలో కూర్చోబెట్టండి, గదిలో లైటు ఆర్పొద్దు. 20 నిమిషాలకోసారి కాలవ అవతలి కొబ్బరిచెట్ల వంక 20 సెకన్లు చూడమనండి. పదేపదే తెర దగ్గరికి జరుగుతున్నాడా? అది హ్రస్వదృష్టి (దూరంవి మసకగా కనిపించడం) కావచ్చు, వెంటనే కంటి డాక్టరుకు చూపించండి. మూర్ఛ ఉన్న పిల్లలనైతే డాక్టరును అడగకుండా అసలు ఆడనివ్వొద్దు.