కోషర్ పాటించే యూదు మిత్రుడి ప్రయాణం: ఫ్రాంక్‌ఫర్ట్‌లో రెండు గంటలు సరిపోతాయా?

కోషర్ నియమాలను, అంటే యూదుల మతపరమైన ఆహార నియమాలను, కచ్చితంగా పాటించే మీ సహోద్యోగి డిసెంబరులో నెవార్క్ నుంచి హైదరాబాదు వస్తున్నారనీ, ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారడానికి రెండు గంటలు చాలునా అనీ అడిగారు. చాలవు. అయితే గంటలు లెక్కపెట్టే ముందు వారం చూడాలి. మనవాళ్లు రాహుకాలం తప్పించి బయలుదేరినట్టే ఆయన శుక్రవారం సూర్యాస్తమయాన్ని తప్పించి టికెట్టు కొనాలి. మనం రాహుకాలానికి ముందే చెప్పులు గుమ్మం దాటించి సర్దుకుంటాం కానీ, ఆయనకు అలాంటి వెసులుబాటు లేదు. శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం చీకటి పడేవరకు, సుమారు 25 గంటలపాటు, యూదులకు సబ్బాతు అనే విశ్రాంతి దినం కాబట్టి ఆయన ప్రయాణం చేయరు.

గురువారం సాయంత్రం నెవార్క్‌లో ఎక్కితే హైదరాబాదులో దిగేసరికి శుక్రవారం అర్ధరాత్రి దాటుతుంది కాబట్టి ఆ టికెట్టు ఎంత చవకైనా పనికిరాదు. బుధవారం ఎక్కాలన్నా, ఫ్రాంక్‌ఫర్ట్‌లో గురువారం విమానం తప్పిపోతే మరునాటి విమానం ఎక్కే వీలుండదు. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగున్నరకల్లా పొద్దుగూకుతుంది, జూన్‌లోనైతే రాత్రి తొమ్మిదిన్నర దాటుతుంది. ఈ తేడా తెలియకుండా ఏడాది పొడుగునా ఒకే దారిలో టికెట్లు తీసే మా ఆఫీసు ట్రావెల్ విభాగంతో నేను పడిన గొడవలు చెప్పుకుంటే ఒక పూట పడుతుంది. నన్నడిగితే ఆదివారం బయలుదేరి, మధ్యలో కనీసం నాలుగు గంటలు ఉంచుకోవడమే మేలు.

భోజనం సంగతి నేను కళ్లారా చూశాను. కొన్నేళ్ల క్రితం మా బృందంలోని పెద్దాయనతో కలిసి ఇదే దారిలో వచ్చాను. ఆయన కోషర్ భోజనానికి మూడు రోజుల ముందే చెప్పి ఉంచారు. ఆ పెట్టెకు రెండు పొరల చుట్టు, దానిపై ముద్ర ఉంటాయి. అందరి మాంసమూ వేడిచేసే పొయ్యిలోనే దాన్నీ పెట్టవలసి వస్తుంది కాబట్టి ఆ రెండు పొరలే దానికి మడిబట్ట. ముద్ర చెక్కుచెదరలేదని ప్రయాణికుడు ముందు చూసుకోవాలి, ఆ తర్వాత పొరలు విప్పకుండానే వేడిచేయాలి. పాపం, ఆ విమాన పరిచారిక పెద్దాయనకు శ్రమ ఎందుకనుకుని రెండు పొరలూ చించేసి, వేడిచేసి, పొగలు కక్కుతున్న అన్నం, కోడికూర, క్యారెట్ ముక్కలు మూత తీసి మరీ తెచ్చి పెట్టింది. ఆయన నవ్వుతూ కృతజ్ఞతలు చెప్పి, పళ్లెం వెనక్కి ఇచ్చేశారు. "నావల్ల ఏమైనా పొరపాటు జరిగిందా?" అని ఆ అమ్మాయి రెండుసార్లు వచ్చి అడిగింది. ఆయన "ఆకలి లేదమ్మా" అని సర్దిచెప్పి, సంచిలోంచి యాపిల్ తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని తిన్నారు.

నేను ఊరుకోక నా శాకాహార భోజనం ఆయన ముందుకు జరిపాను. మనవాళ్లలో చాలామంది చేసే పొరపాటే అది. శాకాహారమైనంత మాత్రాన కోషర్ కాదు. వండిన గిన్నెలు, చీజ్ చేయడానికి వాడే రెన్నెట్ (పాలను విరగగొట్టే పదార్థం, దీన్ని దూడల కడుపు నుంచి కూడా తీస్తారు), ఆకుకూరలో కనిపించని పురుగులు, వండిన చేతులు, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. కోయని పండ్లకు మాత్రం పేచీ లేదు.

కాబట్టి మీ మిత్రుడు టికెట్టు కొన్నాక రెండు విమానాలకూ విడివిడిగా భోజనం నమోదైందో లేదో స్వయంగా ఫోన్ చేసి కనుక్కోవాలి, ముఖ్యంగా రెండోది వేరే సంస్థదైతే. మధ్యలో విమానం మారిస్తే ముందు చెప్పిన భోజనం ఆయన వెంట రాదని అనుకునే ఉండాలి. అందుకే ఒక పూటకు సరిపడా పొడి తిండి, అంటే మాట్జా అనే పులియని పలుచని రొట్టెలు, బాదంపప్పు, పండ్లు, చేతిసంచిలో ఉండి తీరాలి. హమ్మస్ (ఉడికించిన శనగల ముద్ద) డబ్బా మాత్రం వద్దు. 100 మిల్లీలీటర్లు దాటితే తనిఖీలో తీసి పారేస్తారు, మా అమ్మ పెట్టిన గోంగూర పచ్చడికి పట్టిన గతే దానికీ పడుతుంది.

ఆ ప్రయాణంలో పెద్దాయన మా ఇంటికి వచ్చినప్పుడు పప్పన్నం కూడా ఎందుకు తినరో అమ్మకు ఎలా చెప్పాలా అని నేను తడబడ్డాను. మా నాయనమ్మ రైల్లో సొంత మరచెంబులో నీళ్లు తప్ప ముట్టేది కాదని గుర్తుచేసి, అమ్మే ఒక అరటిపళ్ల అత్తం, పీచు తీయని కొబ్బరికాయ తెచ్చి ఆయన ముందు పెట్టింది.