పుట్టగొడుగా, కుక్కగొడుగా?

ప్ర: వానలు పడ్డాక మా కాలనీ పక్కనున్న అర్బన్ ఫారెస్ట్ పార్కులో చెదపుట్టల దగ్గరా, లాన్‌లోనూ తెల్లటి గొడుగులు లేస్తున్నాయి. ఊళ్లో మా నాయనమ్మ ఇలాంటివే కూర వండేది. ఇవీ అవేనా? ఏరుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జ: పుట్ట దగ్గరవి అవే కావచ్చు. లాన్‌లోవి మాత్రం వండకండి.

పుట్టగొడుగుకు ఆ పేరు ఊరికే రాలేదు. పుట్ట లోపల చెదలు పెంచుకునే బూజులోంచే అది పైకి వస్తుంది. కాడ పట్టుకుని పీకితే తెగిపోతుంది, అసలు గుర్తు మట్టిలోనే ఉండిపోతుంది. పక్కనుంచి పుల్లతో మెల్లగా మట్టి తీసి చూడాలి. కాడ వేరులా సన్నబడుతూ లోతుకు దిగి ఉంటే, గొడుగు నడిమధ్య మొనదేలిన బొడిపె ఉంటే నాయనమ్మ వండినది అదే అయ్యుండవచ్చు. కాడ మొదట్లో గుడ్డుపెంకు చిట్లినట్టు సంచి కనిపిస్తే మాత్రం వదిలేయండి. ప్రాణం తీసే అమానిటా జాతుల గుర్తు అది. పీకేసినవాళ్లకు ఈ సంచి కనపడదు.

లాన్‌లో లేచేవి చాలాసార్లు క్లోరోఫిల్లం మోలిబ్డైటిస్ అనే విషపు గొడుగులు. తెల్ల గొడుగు మీద గోధుమరంగు పొలుసులు, కాడకు పైకీ కిందికీ జరిగే ఉంగరం దీని గుర్తులు. లేతగా ఉన్నప్పుడు అడుగు పొరలు కూడా తెల్లగానే ఉంటాయి, మోసపోయేది అక్కడే. తిన్న గంట నుంచి మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి.

అనుమానముంటే విచ్చుకున్న గొడుగును కాడ కోసేసి, పొరలు కిందికి వచ్చేలా తెల్ల కాగితం మీద పెట్టి గ్లాసు బోర్లించండి. తెల్లారేసరికి పొడి రాలుతుంది. పుట్టగొడుగుది లేత గులాబీ, క్లోరోఫిల్లానిది ఆకుపచ్చ. అమానిటాది తెలుపే కాబట్టి లేత గులాబీకీ తెలుపుకీ తేడా పగటి వెలుతురులోనే చూడాలి. మొగ్గలకు ఈ పరీక్ష పనిచేయదు. గులాబీ పొడి రాలినంత మాత్రాన తినదగినదనీ కాదు, మిగతా గుర్తులన్నీ కలవాలి.

ఇదంతా ఊళ్లో మీ చేనుగట్టు మీద చేసుకోండి. రిజర్వు అడవిలోని పార్కుల్లో అనుమతి లేకుండా ఏదీ తెంపకూడదు. కేబీఆర్ లాంటి జాతీయ పార్కులోనైతే 1972 వన్యప్రాణి చట్టం కిందికి వస్తుంది. పైగా రోడ్డు పక్క మట్టిలోని సీసం, కాడ్మియం లాంటివాటిని గొడుగులు పీల్చుకుంటాయి.

ప్ర: వెల్లుల్లి వేసి ఉడికిస్తే నల్లబడకపోతే మంచివేనంటారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జ: కాదు. వెండి చెంచా పరీక్షా అంతే. పురుగు తిన్నది కాబట్టి మంచిదేనని నమ్మడమూ తప్పే. అమానిటాలోని అమాటాక్సిన్ అనే విషం ఎంత ఉడికించినా పోదు. తిన్న 6 నుంచి 24 గంటల దాకా ఏమీ తెలియదు. తరవాత వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, ఒకరోజు తగ్గినట్టే ఉంటుంది, లోపల కాలేయం చెడిపోతూ ఉంటుంది. తగ్గిందని ఇంట్లోనే ఉండిపోవద్దు. వండే ముందే ఒక గొడుగును మొదలుతో సహా కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. ఆసుపత్రికి వెళ్లాల్సివస్తే అదీ తీసుకెళ్లండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మపట్టి కుళ్లుతుంది, పోల్చుకోవడానికి పనికిరాదు.