తమ్ముడికి రాని ఏడుపు కుక్కకు వచ్చిందా?

ప్రశ్న: యుద్ధంలో మా తమ్ముడు చనిపోయి మూడేళ్లయింది. పేటిక తెరవొద్దన్నారు, ముఖం చూడలేదు. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు. ఏడాదిన్నరగా దిక్కులేని జంతువుల ఆశ్రయంలో పనిచేస్తున్నాను. పోయిన నెల ఒక ముసలి కుక్క ఇక కోలుకోదని తేలి, డాక్టరు చివరి ఇంజెక్షన్ ఇస్తుంటే తల ఒళ్లో పెట్టుకున్నాను. బొటనవేలి కింద చెవి వెచ్చగానే ఉంది, ఊపిరి ఆగిపోయింది. ఇంటికొచ్చి రాత్రంతా ఏడ్చాను. "తమ్ముడికి రాని ఏడుపు కుక్కకొచ్చిందా?" అంది అమ్మ. అప్పట్నుంచి మా మధ్య మాటల్లేవు. నాలో ఏదైనా లోపం ఉందా?

జవాబు: లేదమ్మా. ఆ చెవి వెచ్చదనం దగ్గరే నేనూ ఆగిపోయాను. తమ్ముడి విషయంలో మీకు దక్కనిది అదే. కబురొచ్చింది, మూసిన పేటిక వచ్చింది. చావును మనసు నమ్మాలంటే చాలామందికి కళ్లూ చేతులూ కూడా దాన్ని చూసి, తాకి ఉండాలి. మూడేళ్లుగా గొంతులో అడ్డుపడి ఉన్నది ఆ కుక్క దగ్గర కదిలింది. ఆ రాత్రి మీరు ఇద్దరి కోసమూ ఏడ్చారనే నా నమ్మకం.

వియత్నాం యుద్ధంలో గల్లంతైన పైలట్ల కుటుంబాలను 1970లలో దగ్గరగా చూసిన అమెరికా పరిశోధకురాలు పాలిన్ బాస్, మనిషి పోయాడో లేదో తేలని ఆ స్థితిలో దుఃఖం గడ్డకట్టుకుపోతుందని గమనించారు. పేటిక వచ్చినా ముఖం చూడనివాళ్లలోనూ ఇలాంటిదే జరగొచ్చు. బుద్ధికి తెలుసు, మనసు మాత్రం గుమ్మం వైపే చూస్తుంటుంది.

ఆశ్రయం పని మానొద్దు. చివరి ఇంజెక్షన్ల దగ్గర మాత్రం కొన్నాళ్లు మీ బదులు ఇంకొకర్ని ఉండమనండి. తిండి పెట్టడం, కట్లు మార్చడం చాలు. ఇక, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో దీర్ఘకాల శోకం అనే రుగ్మత కూడా ఉంది. ఆరు నెలలు దాటినా పోయినవాళ్ల తలపుతోనే రోజంతా గడిచి, పనులు సాగకపోతే అది కావచ్చు. నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుణ్ని కలవండి. ఇది అమ్మగారికీ వర్తిస్తుంది.

ఆవిడ మాట మిమ్మల్ని కోసేసింది, నిజమే. కానీ నాకు దాని అడుగున ఇంకో మాట వినిపిస్తోంది: వాణ్ని నాతోపాటు తలుచుకునేవాళ్లే లేరా అని.

చప్పుళ్లకు బెదిరి మూలన దూరిన కుక్క దగ్గరికి మీరెలా వెళ్తారు? ఎదురుగా నిలబడి కళ్లలోకి చూడరు. పక్కకు తిరిగి నేల మీద కూర్చుంటారు. అది ముఖం తిప్పుకుంటున్నా, పెదవులు నాక్కుంటున్నా భయం పోలేదని తెలిసి చెయ్యి చాపరు. అదే వచ్చి వాసన చూసేదాకా ఆగుతారు. అమ్మను కుక్కతో పోలుస్తున్నాననుకోకండి, ఆ ఓర్పు అందరికీ రాదు, మీకు వచ్చు. సంజాయిషీ ఇవ్వడానికి వెళ్లకండి. ఆవిడ బట్టలు మడతపెడుతున్నప్పుడు పక్కన కూర్చుని మీరూ రెండు అందుకోండి. తమ్ముడి చిన్న సంగతి ఒక్కటి ఎత్తండి, చెప్పులు ఎక్కడపడితే అక్కడ వదిలేసేవాడనో, అలాంటిది. బదులు రాకపోతే ఆ రోజుకి అంతే. మర్నాడు మళ్లీ కూర్చోండి.

ఆ ముసలి కుక్క గురించి ఆవిడ ఎప్పుడైనా అడిగితే, చెవి సంగతి కూడా చెప్పండి.